రెండు దారులూ మూశాక

జూన్ 3, సోమవారం

మేనేజరు కొత్త పని అప్పగించాడు. ఆదివారం నా ప్రసంగానికి పనికొచ్చేలా ఉంది కనుక వివరంగా రాసుకుంటున్నాను.

ఈ ఆసుపత్రిలో ఏ రోగి వివరం చూడాలన్నా, ఏ ఎక్స్‌రే తెరవాలన్నా కింది అంతస్తులోని డిస్కుల పెట్టెలోంచే రావాలి. ఆ పెట్టెకూ సర్వర్లకూ నడుమ రెండు స్విచ్‌లున్నాయి. ఒక స్విచ్ పడిపోతే రెండోది బరువంతా మోస్తుంది. ఇన్నేళ్లూ వాటి ఆరోగ్యానికి హద్దులు గీసినవాడు లేడు. ఫ్యాను ఎంత మందగిస్తే చెప్పాలి, ఒళ్లు ఎంత వేడెక్కితే చెప్పాలి, తీగ గుచ్చే ఏ పోర్టులో ఎన్ని తప్పులు దొర్లితే చెప్పాలి, అన్నీ కంపెనీవాడు పెట్టి పంపినవే. వాటిని చూసి సరిచేయడం ఇక నా పని.

స్విచ్ మూడు కొలతలు ముందే సిద్ధం చేసి ఇస్తుంది. ఉదారం, మధ్యమం, కఠినం. మధ్యమం అన్న మాట చూడగానే నవ్వొచ్చింది. ఆ మాటకు వ్యతిరేకంగానే కదా ఇన్నాళ్లూ గొంతు చించుకున్నాను.

నిన్న మా అమ్మాయి ప్రార్థన కూటానికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమో.

జూన్ 4, మంగళవారం

కఠినమే పెట్టాను. పెట్టి, దాన్ని ఇంకా బిగించాను.

కాంతి తీగలో వెళ్లే సమాచారం దెబ్బతిని చేరితే స్విచ్ దాన్ని ఒక తప్పుగా లెక్కేస్తుంది. నిమిషానికి కొన్ని తప్పులదాకా ఊరుకోమని తయారుచేసినవాళ్లే రాశారు. ఎందుకు ఊరుకోవాలి? పులిసిన పిండి కొంచెమైనా ముద్దంతటినీ పులియబెట్టదా? ఒక్క తప్పు దొర్లినా హద్దు దాటినట్టేనని పెట్టాను.

దాటితే ఏం చేయాలన్నదానికి మూడు మార్గాలున్నాయి. రాసిపెట్టుకోవడం, మెయిల్ పంపడం, పోర్టునే మూసేయడం. మూడూ ఎంచుకున్నాను. రెండు స్విచ్‌లకూ.

డిస్కుల పెట్టె బాగోగులు చూసే పిల్ల ఒకతె ఉంది. అందరూ డిస్కులమ్మాయి అంటారు. నా వెనక నిలబడి తెర వైపు చూసింది.

"ప్రసంగంగారూ, మూసేయడం దేనికండీ? మెయిల్ వస్తే చాలు కదా. వెళ్లి చూసుకుంటాం."

"నువ్వు వెళ్లి చూసేలోపు కుళ్లు పక్కదానికి అంటితే?"

"అది పోర్టండీ, మామిడిపండు కాదు." మళ్లీ తనే అంది. "సరే, ఒక స్విచ్‌కైనా వదిలెయ్యండి. డిస్కుల పెట్టెకు ఇటొక తీగ, అటొక తీగ. రెండూ మూసుకుంటే ఎటు పోతాం?"

"రెండూ శుద్ధంగా ఉంటే రెండూ మూసుకోవు."

"మీ ఇంట్లో అందరూ ఇలాగే బతుకుతున్నారా?"

నవ్వుతూనే అంది. ఈ కాలపు పిల్లలకు నోరు ఎక్కువ. నాకు గురువు లేడు, కళాశాల లేదు. బైబిలు వాక్యాన్ని ఒంటరిగా చదువుకున్నాను, ఈ స్విచ్‌ల సంగతీ ఒంటరిగానే చదువుకున్నాను. రెండింటిలోనూ నాకు తెలిసింది ఒకటే. చూసీ చూడనట్టు వదిలేస్తే ఏదీ నిలవదు.

జూన్ 6, గురువారం

అమ్మాయికి ఒంట్లో బాగానే ఉంది. ఇదే ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. మెట్ల దగ్గర ఎవరితోనో నవ్వుతూ కనిపించింది. నన్ను చూసి నవ్వు ఆపలేదు, అలాగని నా వైపు రానూ లేదు.

ఈ ఆదివారం వస్తుందని మా ఆవిడ అంటోంది. నువ్వు అడిగావా అంటే, "మీరే అడగకూడదూ, ఒకే ఇంట్లో ఉంటున్నారుగా" అంది.

నేను అడగను. అడిగి పిలిపించుకునేది విశ్వాసం కాదు.

జూన్ 9, ఆదివారం

రాలేదు.

టైర్ల దుకాణం పైన మా కూటం హాలు. నలభై కుర్చీలు, ఒక మైకు, మైకు అవసరం లేని నా గొంతు. ఇవాళ కావలివాడి గురించి చెప్పాను. గోడ మీద నిలబడినవాడు ప్రమాదం చూసి కూడా కేక వేయకపోతే ఆ నెత్తురు ఎవడి తలమీద పడుతుంది? స్విచ్‌ల సంగతి ఉదాహరణగా చెబితే వెనక వరస దాకా ఆమెన్ అన్నారు. చెబుతున్నంతసేపూ మూడో వరసలో ఆవిడ పక్కనున్న ఖాళీ కుర్చీ నన్నే చూస్తోంది.

కూటం ముగిశాక పెద్దాయన, అంటే మా దర్జీ అన్న, దగ్గరికొచ్చాడు. లెక్కలన్నీ ఆయనే చూస్తాడు. టేపు మెడలో లేకపోయినా మనిషిని కళ్లతోనే కొలుస్తాడు.

"తమ్ముడూ, అమ్మాయికిది రెండో వారం."

"తెలుసన్నా."

"ఊరికే గుర్తుచేశాను. వెల్డరు విషయంలో మనం ఒక్క రోజు కూడా ఆగలేదు కదా."

ఆగలేదు. నియమం రాసింది నేనే. కారణం చెప్పకుండా వరసగా మూడు ఆదివారాలు రానివాడి పేరు కూటంలో చదువుతాం. చదివాక అతనితో ఎవరూ ఒక బల్ల దగ్గర తినకూడదు. అతని ఇంట్లో తిన్నవాడూ అతనితో పాటే వెలుపలివాడు. పేరు చదివే హక్కు ప్రసంగించేవాడికే, అదీ అతను లోపలివాడై ఉన్నంతవరకే. తిరిగి రావాలంటే అందరి ముందూ నిలబడి అడగాలి. పోయిన చలికాలం వెల్డరు పేరు అలాగే చదివాను. అతను అడగలేదు, రాలేదు.

వచ్చే ఆదివారం కూడా ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నా కూతురి పేరు నా నోటితోనే చదవాలి. ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల.

జూన్ 10, సోమవారం

పట్టుకుంది. మొదటి స్విచ్‌లో డిస్కుల పెట్టెకు వెళ్లే పోర్టులో పొద్దున్నే తప్పు దొర్లింది. నేను పెట్టిన హద్దు దాన్ని పట్టుకుని, క్షణం ఆలస్యం లేకుండా పోర్టు మూసేసింది. భారమంతా రెండో స్విచ్ మోస్తోంది. పైనెవరికీ తెలియనే తెలియదు. ఎంత అందమైన పని.

డిస్కులమ్మాయి వచ్చింది. "శనివారం ఏసీ బాగుచేసినవాళ్లు నేల పలకలు లేపారండీ. తీగలు కదిలుంటాయి. కొన దుమ్ము పట్టిందేమో, తుడిచి తెరిచేద్దాం."

"ఎందుకు తప్పు చేసిందో తేలేదాకా తెరిచేది లేదు."

"తుడిస్తే కదండీ తేలేది."

కంపెనీవాడిని రమ్మని రాశాను. అతను వచ్చి పరీక్షించేదాకా మూసే ఉంటుంది. మూసిన పోర్టు పక్కన దీపం పసుపు రంగులో వెలుగుతోంది. మిగతా వాటికి అదొక పాఠం.

జూన్ 11, మంగళవారం

ఫ్యాన్లు బాగున్నాయి. వేడి బాగుంది. అన్నీ బాగున్నాయి.

జూన్ 12, బుధవారం

కంపెనీవాడు రాలేదు. డిస్కులమ్మాయి మళ్లీ అడిగింది. మళ్లీ కాదన్నాను.

అమ్మాయి వసతిగృహాల గురించి వాకబు చేస్తోందట. ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది. "ఆదివారం మీరు పేరు చదివాక పళ్లెం పట్టుకుని వరండాలో కూర్చోవడం దాని వల్ల కాదట. ముందే వెళ్లిపోతుందట."

"వస్తే చదవను కదా."

"రాదండీ."

"ఎందుకు రాదు?"

ఆవిడ కత్తి పీట మీద పెట్టి నా ముఖంలోకి చూసింది. "అదేదో దాన్నే అడగండి. మధ్యలో నేను తీగనా?"

అడుగుదామనే లేచాను. అమ్మాయి గది తలుపు వేసి ఉంది. అలిసిపోయి ఉంటుంది, లేపడం ఎందుకు.

జూన్ 13, గురువారం

రాసింది కొట్టేసి మళ్లీ మొదలుపెడుతున్నాను.

పొద్దున ఓపీ రద్దీ మొదలయ్యే వేళకు రెండో స్విచ్ కూడా పోర్టు మూసేసింది. అక్కడా ఒకే ఒక తప్పు. అదే పోర్టు, డిస్కుల పెట్టెకు మిగిలిన ఒకే ఒక్క దారి. నేను గీసిన హద్దు. అది మాట తప్పలేదు.

పైన తెరలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఎక్స్‌రేలు తెరుచుకోవు. ఎవరికి ఏ మందు రాశారో కనబడదు. ఆపరేషను బల్ల మీదకు తీసుకెళ్లిన ఒకావిడను రక్తం వివరాలు అందక మళ్లీ వార్డుకు తెచ్చేశారు. నేను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి పరిగెత్తాను. ఎక్కడ చూసినా వరసలు. ఒక ముసలాయన నా చొక్కా పట్టుకుని, "బాబూ, నా పేరు పోయిందంటున్నారు, ఉన్నానో లేనో చూసి చెప్పు" అన్నాడు. ఆయనది ఎగతాళో భయమో నాకు తెలియలేదు.

ల్యాబు దగ్గర అమ్మాయి ఎదురుపడింది. రెండు చేతుల్లో చీటీలు. ప్రతి ఫలితాన్నీ చేత్తో రాసి వార్డులకు పట్టుకెళుతోంది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. రెండు వారాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"మీరే మూశారా నాన్నా?"

"తప్పు దొర్లింది. అందుకే..."

"ఎందుకు దొర్లిందో చూశారా?"

కంపెనీవాడికి రాశానని చెప్పబోయాను.

"మూసేముందు చూడాలి కదా నాన్నా." కోపంగా కూడా అనలేదు. రోగికి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

కింద డిస్కులమ్మాయి నా కోసం ఆగలేదు. రెండు తీగల కొనలూ పీకి, మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టి, పోర్టులు తెరిచింది. అంతే. దుమ్ము. నా గోటి మీద పడ్డా కనిపించనంత దుమ్ము.

జూన్ 14, శుక్రవారం

మేనేజరు కూర్చోమనలేదు.

"ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ పని. ఎవడు పెట్టమన్నాడు రెండు వైపులా?"

"హద్దులు పెట్టమన్నది తమరే."

"హద్దులు పెట్టమన్నాను, ఉరి బిగించమనలేదు." గ్లాసు నీళ్లు తాగాడు. "ఉద్యోగం తీసెయ్యమన్నారు పైవాళ్లు. ఇన్నేళ్ల మనిషివని నేనే ఆపాను. హద్దులు ఇక ఆ డిస్కులమ్మాయి చూస్తుంది. నీకు చూడటానికి మాత్రమే. ఏదీ మార్చకు. కేక వేయాలనుంటే ఆదివారం వేసుకో."

మధ్యాహ్నానికే నా అనుమతులు తీసేశారు. తెర మీద అంకెలన్నీ కనిపిస్తాయి. ఏదైనా నొక్కితే కదలదు. డిస్కులమ్మాయి మధ్యమం పెట్టింది. పోర్టు మూయడం తీసేసింది. హద్దు దాటితే మెయిల్ వస్తుంది, ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు.

నీతిమంతుడికి శ్రమ తప్పదు. ఇదొక పరీక్ష. నేను గట్టిగా నిలబడాలి, ముఖ్యంగా ఈ ఆదివారం.

జూన్ 15, శనివారం

ప్రసంగానికి వాక్యం దొరకడం లేదు. ఎక్కడ తెరిచినా తప్పిపోయినదాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లే. కొండల్లో గొర్రె కోసం ఒకాయన, దీపం పట్టుకుని నాణెం కోసం ఒకావిడ. మూసేసి కూర్చున్నవాడు ఒక్కడూ కనిపించడం లేదు. ఉండి ఉంటాడు. నేనే సరిగ్గా చూడటం లేదు.

అమ్మాయి పెట్టె సర్దుకుంది. గుమ్మం పక్కనే ఉంది. నీలం రంగు పెట్టె.

జూన్ 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే అమ్మాయి ఒక సంచి తీసుకుని బయల్దేరింది. పెట్టె ఇంట్లోనే ఉంది. నేను వెనకే వెళ్లాను. వెంబడించడం కాదు, హాలుకు వెళ్లే దారీ అటే. రైలు గేటు దాటాక హాలుకు కుడివైపు తిరగాలి. అది ఎడమకు తిరిగింది. నేనూ తిరిగాను.

వెల్డరు షెడ్డు.

వీధిలో ఆగిపోయాను. అతను బయట కూర్చుని ఇనుప గేటు ఊచలు రుద్దుతున్నాడు. నా కంటే పెద్దవాడు. నన్ను చూసి లేవలేదు, రుద్దడమూ ఆపలేదు.

"రా తమ్ముడూ. అక్కడే నిలబడితే నీ నియమం ప్రకారం తప్పు లేదు. లోపలికొస్తేనే చిక్కు."

"మా అమ్మాయి..."

"అమ్మకు కట్టు మారుస్తోంది."

షెడ్డు వెనక ఒకటే గది. మంచం మీద అతని తల్లి. చక్కెర జబ్బు, కాలికి పుండు, చూపు సగం పోయింది. అమ్మాయి నేల మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పుతోంది. తల ఎత్తి నన్ను చూసింది. భయపడలేదు. చేస్తున్న పని ఆపలేదు.

"చలికాలంలో పడిపోయింది నాన్నా ఈ అవ్వ. ఎత్తుకుని కూర్చోబెట్టాలంటే ఆయనొక్కడే. అప్పట్లో ఆయన మూడు వారాలు అందుకే రాలేదు. పోయిన నెల ల్యాబుకొచ్చినప్పుడు తెలిసింది నాకు."

"చెప్పొచ్చు కదా," అన్నాను.

"అడిగారా ఎవరైనా?" వెల్డరు గుమ్మంలోంచి అన్నాడు. "రెండో వారం దర్జీ అన్న సందు చివర కనబడ్డాడు. చెబుదామని చెయ్యి ఎత్తాను. ఆయన వేళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు."

అవ్వ నా వైపు ముఖం తిప్పింది. "ఎవరూ, ప్రసంగం చెప్పే నాయనేనా? గొంతు విని ఎన్నాళ్లయిందో. మావాడి మీద కోపం పెట్టుకోకయ్యా. వాడు రాకపోవడం నా వల్లే."

అవ్వకు తెలియదు. కొడుకు పేరు చదివిన సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఈ గొంతే చదివిందని తెలిస్తే?

"నిలబడే ఉన్నావా? కూర్చో. అమ్మాయీ, నాన్నకు కూడా పెట్టు."

మోకాలు నొప్పిగా ఉండి కూర్చున్నాను. లేదు. మోకాలు నొప్పి లేదు. కూర్చున్నాను.

అమ్మాయి మా ఇంటినుంచి తెచ్చిన గిన్నె విప్పింది. అంటే మా ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. ప్రతి ఆదివారం నాకు కాఫీ ఇచ్చిన చేతితోనే ఆ గిన్నె కట్టి ఇచ్చి, తర్వాత నాతో హాలుకు వచ్చి మూడో వరసలో కూర్చుంది. అమ్మాయి అన్నం నా ముందు పెట్టి, పళ్లెం వదలకుండా ఒక క్షణం పట్టుకుంది. తింటే ఏమవుతుందో దానికీ తెలుసు. నేను పళ్లెం లాక్కుని ముద్ద కలుపుకున్నాను. ఎదురుగా వెల్డరు కూర్చున్నాడు. అందరం తిన్నాం. అన్నం మెత్తగా ఉందని అవ్వ రెండుసార్లు అంది.

హాలుకు చేరేసరికి పాటలు అయిపోవచ్చాయి. దర్జీ అన్న మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"ఆలస్యమైంది తమ్ముడూ. రెండు పాటలు ఎక్కువ పాడించాను." మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు. "పేరు నేనే రాసి ఉంచాను. తండ్రివి, రాయడం కష్టమని."

"మీరు చదవండన్నా."

"నియమం నీది, నోరు నీది. నేను చదివితే చెల్లదు."

మైకు ముందు నిలబడ్డాను. కాగితం విప్పితే గుండ్రటి అక్షరాల్లో నా కూతురి పేరు. ఆవిడ తల వంచుకుని ఉంది.

"ఈ వారం చదవాల్సిన పేరు ఒకటుంది," అని నా పేరు చెప్పాను. "వెలుపల పెట్టినవాడి ఇంట్లో ఈ పొద్దున అన్నం తిన్నాను. నేను రాసిన నియమం ప్రకారం ఇక వెలుపలివాణ్ణి."

ఆమెన్, అన్నారు అందరూ. అలవాటు. నేను గొంతు పెంచి ఏం చెప్పినా ఆమెన్ అనడం వాళ్లకు నేర్పింది నేనే. అనేశాక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

దర్జీ అన్న ముందు వరసలోంచి లేచాడు. "తమ్ముడూ, ఆ కాగితంలోది?"

"వెలుపలివాడు పేర్లు చదవకూడదన్నా."

ఇది ముందే అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాకే నాకూ అర్థమైంది. చదవాల్సినవాడికి హక్కు లేదు, ఉన్నవాళ్లలో ఎవరికీ ఆ హక్కు రాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగి వచ్చేశాను. సగం మెట్లు దిగేసరికి పైన ఎవరో పాట ఎత్తుకున్నారు. శ్రుతి తప్పింది. సరిచేయడానికి రెండు మెట్లు ఎక్కి, ఆగిపోయాను.

మధ్యాహ్నం అమ్మాయి ఇంటికి వచ్చి నాకెదురుగా కూర్చుంది. ఆవిడ మా ఇద్దరికీ వడ్డించి, తన పళ్లెం తీసుకుని వంటగదిలోకి వెళ్లింది.

"ఎక్కడికి?" అన్నాను.

"మీరిద్దరూ వెలుపలివాళ్లు, నేను లోపలిదాన్ని. మీతో తినకూడదు కదండీ."

"అమ్మా, ఇంకానా?" అంది అమ్మాయి.

"పాతికేళ్లుగా వింటున్నానే ఈయన ప్రసంగాలు. ఒక్క పూటలో మర్చిపొమ్మంటే ఎలా?"

వేళాకోళమనుకున్నాను. కాదు. పొయ్యి గట్టు పక్కన నిలబడి, మా వైపు వీపు పెట్టి తింటోంది. మజ్జిగ కావాలంటే గిన్నె చెయ్యి చాపి అందించింది, అడుగు మాత్రం ఇటు పెట్టలేదు. నేను పిలవడానికి నోరు తెరిచాను. ఏ వాక్యంతో పిలవాలి? నాకు తెలిసినవన్నీ ఆవిడకూ కంఠస్థమే.

జూన్ 18, మంగళవారం

మెయిల్ వచ్చింది. రెండో స్విచ్, వేరే పోర్టు, తప్పులు మెల్లగా పెరుగుతున్నాయి. నా తెర మీద ఏదీ నొక్కే వీలు లేదు. గుడ్డ తీసుకుని కిందికి వెళ్లాను. డిస్కులమ్మాయి అడ్డం చెప్పలేదు, దీపం పట్టుకుంది.

"చూశారా, మూయకపోయినా లోకం మునగలేదు," అంది.

"నోరు తగ్గించు," అన్నాను. తుడిచి పెట్టాను. లెక్క ఆగింది.

దర్జీ అన్న కబురు పంపాడు. అందరి ముందూ నిలబడి అడిగితే మళ్లీ తీసుకుంటారట, ప్రసంగం కూడా నాదేనట. ఆ కాగితం మాత్రం వెంట తేవాలట.

జూన్ 20, గురువారం

జవాబు పంపలేదు. నీలం పెట్టె గుమ్మం పక్కనుంచి లోపలికి వెళ్లింది.

గొంతు పట్టేసినట్టుంది. మాట్లాడకపోవడం వల్ల కావచ్చు.

జూన్ 23, ఆదివారం

ఆవిడ ఒక్కతే కూటానికి వెళ్లింది. నేనూ అమ్మాయీ అవ్వకు కట్టు మార్చి వచ్చాం. దర్జీ అన్నే ప్రసంగించాడట, పేరేదీ చదవకుండానే త్వరగా ముగించాడట. ఎలా ఉందని అడిగాను. "పొట్టిగా ఉంది" అంది ఆవిడ.

తర్వాత వడ్డించి, తన పళ్లెం తీసుకుని వెళ్లింది. పొయ్యి గట్టు దాకా వెళ్లలేదు. వంటగది గుమ్మంలో పీట వేసుకుని, ఇటు తిరిగి కూర్చుంది.